తలపై జంట తురాయిలు.. ఖండాలు దాటిన పోలిక.. ఈ డైనోసార్లన్నీ ఒకే కుటుంబమా?

జురాసిక్ పార్క్ సినిమా చూసినవాళ్లకు ఆ సీన్ గుర్తుండే ఉంటుంది. జోరు వానలో దారి తప్పిన ఓ వ్యక్తి ముందుకు చిన్న డైనోసార్ ఒకటి వస్తుంది. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. అంతలోనే మెడ చుట్టూ గొడుగులా రంగుల తోలు విప్పి, అతడి ముఖం మీద విషం ఉమ్ముతుంది. ఆ డైనోసార్ పేరు డైలోఫోసారస్.

1993లో వచ్చిన ఆ సినిమాతో డైలోఫోసారస్ ప్రపంచమంతా ఫేమస్ అయిపోయింది. కానీ ఆ సీన్‌లో చూపించినవాటిలో చాలావరకు కల్పనే. మెడ చుట్టూ విప్పుకునే తోలు ఉన్నట్టు ఒక్క శిలాజంలోనూ ఆధారం లేదు. విషం ఉమ్మినట్టూ ఆధారం లేదు. సైజు కూడా తప్పే. సినిమాలో మనిషి కంటే చిన్నగా కనిపించిన ఈ జంతువు నిజానికి 6 నుంచి 7 మీటర్ల పొడవు పెరిగేది. బరువు సుమారు 400 కిలోలు ఉంటుందని అంచనా.

సినిమావాళ్లు కల్పించకుండా శిలాజం నుంచి తీసుకున్నది ఒకటుంది. తలపై పక్కపక్కనే నిలబడ్డ రెండు ఎముక తురాయిలు. డైలోఫోసారస్ అనే పేరుకు అర్థం కూడా అదే.. రెండు తురాయిల బల్లి.

అసలు కథ మొదలయ్యేది ఇక్కడే. ఇలాంటి తురాయి ఉన్న మాంసాహార డైనోసార్లు అమెరికాలోనే కాదు, చైనాలోనూ, చివరికి మంచు ఖండం అంటార్కిటికాలోనూ బయటపడ్డాయి. మరి ఇవన్నీ ఒకే కుటుంబమా? లేక ఎవరికి వాళ్లు విడివిడిగా తురాయి పెంచుకున్నారా? ఈ ప్రశ్నపై శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు.

నవాజో నేలలో మొదటి ఎముకలు

అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో ట్యూబా సిటీ అనే ఊరుంది. నవాజో ఆదివాసీల ప్రాంతం అది. అక్కడికి దగ్గర్లోనే 1940లో జెస్సీ విలియమ్స్ అనే నవాజో వ్యక్తి కొన్ని వింత ఎముకలు చూశాడు. రెండేళ్ల తర్వాత, 1942లో కాలిఫోర్నియా యూనివర్సిటీ బృందం శిలాజాల కోసం అటువైపు వచ్చింది. అప్పుడు ఆ చోటు చూపించింది ఆయనే.

అక్కడ మూడు అస్థిపంజరాలు బయటపడ్డాయి. వాటిలో ఒకటి దాదాపు పూర్తిగా ఉంది. వాటిపై పరిశోధన చేసిన శాస్త్రవేత్త శామ్యూల్ వెల్స్. 1954లో ఆయన దీనికి మెగాలోసారస్ వెదెరిల్లై అని పేరు పెట్టారు. ఆ ప్రాంతంలో తిరిగిన అన్వేషకుడు జాన్ వెదెరిల్ గౌరవార్థం ఆ పేరు. మెగాలోసారస్ అంటే అప్పటికే యూరప్‌లో తెలిసిన ఓ మాంసాహార డైనోసార్. అంటే ఇది ఆ జాతికి దగ్గరి చుట్టమని అప్పట్లో అనుకున్నారన్నమాట.

మొదటి పుర్రెలో తురాయి నలిగిపోయి ఉండటంతో ఎవరూ దాన్ని తురాయిగా గుర్తించలేదు. 1964లో వెల్స్ మళ్లీ అక్కడికి వెళ్లారు. ఈసారి అంతకంటే పెద్ద అస్థిపంజరం దొరికింది. దాని పుర్రెపై రెండు తురాయిలు స్పష్టంగా కనిపించాయి. వెనక్కి వెళ్లి పాత పుర్రెను చూస్తే అందులోనూ అవి ఉన్నాయి! దీంతో ఇది మెగాలోసారస్ కాదని, పూర్తిగా వేరే జంతువని తేలింది. 1970లో దీనికి డైలోఫోసారస్ అనే కొత్త పేరు వచ్చింది.

ఒక్క తురాయి కనిపించగానే చుట్టరికం మారిపోయింది. మున్ముందు వచ్చిన గొడవంతా ఇందులోంచే పుట్టింది.

తురాయి దేనికి?

చూడ్డానికి భయంకరంగా ఉన్నా, డైలోఫోసారస్ తురాయి ఆయుధం కాదు. ముక్కు పైభాగంలోని ఎముక, కంటి ముందుండే ఎముక కలిసి పైకి పెరిగి పలుచటి పలకల్లా నిలబడ్డాయి. వాటితో పొడిస్తే ముందు విరిగేది తురాయే.

మరి ఎందుకు? కోడిపుంజును గుర్తు తెచ్చుకోండి. దాని తలపై ఎర్రటి జుట్టు పోట్లాటకు పనికిరాదు. కానీ పెట్టలకు తన సత్తా చూపించడానికి, ఎదుటి పుంజుకు తానెవరో తెలియజేయడానికి పనికొస్తుంది. డైలోఫోసారస్ తురాయి కూడా ఇలాంటి ప్రదర్శనకే అయి ఉంటుందని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. ఎముకపై గోరు లాంటి పదార్థంతో మరో పొర ఉండి ఉండొచ్చని, దాంతో తురాయి మరింత పెద్దగా కనిపించేదని కూడా భావిస్తున్నారు.

ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. ప్రదర్శన కోసం పుట్టిన అవయవాలు పరిణామంలో చాలా వేగంగా మారిపోతాయి. నెమలి పింఛం, జింక కొమ్ము, కోడి జుట్టు.. దగ్గరి చుట్టాల్లోనే వీటి రూపం ఎంత తేడాగా ఉంటుందో తెలిసిందే. అలాంటప్పుడు తురాయిని చూసి చుట్టరికం తేల్చడం ఎంతవరకు నమ్మదగ్గది?

ఖండాలు దాటిన పోలిక

డైలోఫోసారస్ బతికింది జురాసిక్ యుగం తొలినాళ్లలో. అంటే సుమారు 18 నుంచి 19 కోట్ల ఏళ్ల కిందట. అదే కాలానికి చెందిన మరికొన్ని జంతువులు తర్వాతి దశాబ్దాల్లో ఒక్కొక్కటిగా తెరపైకి వచ్చాయి.

చైనా: యునాన్ ప్రావిన్స్‌లోని లూఫెంగ్ ప్రాంతంలో జంట తురాయిల డైనోసార్ దొరికింది. అచ్చం అమెరికా జంతువులా ఉండటంతో 1993లో దానికి డైలోఫోసారస్ సైనెన్సిస్, అంటే చైనా డైలోఫోసారస్ అని పేరు పెట్టేశారు. తర్వాత జాగ్రత్తగా పోల్చి చూస్తే అది సైనోసారస్ అనే వేరే జాతికి చెందిందని తేలింది.

అంటార్కిటికా: 1990-91 వేసవిలో విలియం హామర్ బృందం కిర్క్‌ప్యాట్రిక్ పర్వతంపై ఓ పుర్రెను బయటకు తీసింది. దక్షిణ ధ్రువానికి సుమారు 650 కిలోమీటర్ల దూరంలో, దాదాపు 4,000 మీటర్ల ఎత్తులో ఉందా చోటు. 1994లో దానికి క్రయోలోఫోసారస్ అని పేరు పెట్టారు. గడ్డకట్టిన తురాయి బల్లి అని అర్థం. దీని తురాయి తీరే వేరు. ముక్కు పొడవునా కాకుండా, కళ్లపైన అడ్డంగా దువ్వెనలా లేచి ఉంటుంది. పాప్ సింగర్ ఎల్విస్ ప్రెస్లీ హెయిర్‌స్టైల్‌లా ఉందని సరదాగా ఎల్విసారస్ అని కూడా పిలిచారు.

దక్షిణాఫ్రికా: 2005లో ఆడమ్ యేట్స్ అనే శాస్త్రవేత్త డ్రాకోవెనేటర్ అనే డైనోసార్‌ను ప్రపంచానికి పరిచయం చేశారు. దొరికింది పుర్రెలోని కొన్ని ముక్కలే. అయినా వాటిలో డైలోఫోసారస్ పోలికలు కనిపించాయి.

అర్జెంటీనా: 2003లో జూపేసారస్ అనే మరో మాంసాహారి పేరు వినిపించింది. ఇది వీటన్నిటికంటే పాతది, ట్రయాసిక్ యుగం చివరి కాలానికి చెందింది. దీని తలపైనా తురాయిలు ఉన్నాయని మొదట రాశారు. అయితే అవి తురాయిలు కావని, చోటు తప్పి పైకి జరిగిన మామూలు ఎముకలేనని తర్వాత మరో పరిశోధనలో వాదన వచ్చింది.

ఈ జంతువుల్లో చాలావాటిని కలిపి ఒకే గొడుగు కిందికి తెచ్చే ప్రయత్నం జరిగింది. ఆ గొడుగు పేరు డైలోఫోసారిడే. తెలుగులో చెప్పాలంటే డైలోఫోసారస్ కుటుంబం. ఈ పేరు 1990లోనే పుట్టింది. 2007లో నేథన్ స్మిత్ బృందం క్రయోలోఫోసారస్‌ను వివరంగా పరిశీలించి, డైలోఫోసారస్, డ్రాకోవెనేటర్, చైనా జంతువు.. ఇవన్నీ ఒకే కొమ్మకు చెందినవని చెప్పింది. దీంతో ఈ కుటుంబానికి గట్టి బలం వచ్చినట్టయింది.

ఇంటిపేరు ఒకటైతే చుట్టాలేనా?

మన దగ్గర ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు ఎంతమంది ఉండరు? ఒక జిల్లాలో ఒక కుటుంబం, ఇంకో జిల్లాలో ఇంకో కుటుంబం. ఇంటిపేరు ఒకటే గానీ, తాతముత్తాతల లెక్క తీస్తే ఎక్కడా కలవకపోవచ్చు. చుట్టరికం తేల్చాలంటే ఇంటిపేరు ఒక్కటే సరిపోదు. ఎవరి కొడుకు ఎవరు, ఎవరి నుంచి ఎవరు వచ్చారు అనేది చూడాలి.

డైనోసార్ల విషయంలోనూ శాస్త్రవేత్తలు చేసేది అదే. కాకపోతే ఇక్కడ అడగడానికి పెద్దవాళ్లు లేరు. ఎముకలే సాక్షులు. పుర్రె, పళ్లు, వెన్నుపూస, తుంటి, చెయ్యి, కాలి మడమ.. ఇలా ఒంట్లోని ప్రతి భాగం నుంచి వందల కొద్దీ లక్షణాలను రాసుకుంటారు. ఫలానా లక్షణం ఉందా, లేదా అని ఒక్కో జంతువుకు టిక్ పెడతారు. తర్వాత కంప్యూటర్ ఆ పట్టికను చూసి, అతి తక్కువ మార్పులతో అన్నింటినీ కలిపే వంశవృక్షం ఏదో వెతుకుతుంది.

ఇందులో తురాయి ఒక్క ఓటు మాత్రమే. మిగతా వందల ఓట్లు ఎటు పడితే చుట్టరికం అటు తేలుతుంది.

ఇక్కడ కొంచెం పెద్ద చిత్రం చూడాలి. రెండు కాళ్లపై నడిచిన ఈ మాంసాహార డైనోసార్ల గుంపును థెరోపాడ్లు అంటారు. ఈ చెట్టు మొదట్లో సీలోఫైసిస్ లాంటి సన్నటి, చిన్న జంతువులు ఉంటాయి. పైన రెండు పెద్ద కొమ్మలు. ఒకటి సెరటోసార్లది. రెండోది టెటాన్యూరే. అల్లోసారస్, టైరనోసారస్ రెక్స్‌తో పాటు నేటి పక్షులు కూడా ఈ రెండో కొమ్మలోవే. అవును, మన పెరట్లో తిరిగే కోడి కూడా ఈ కొమ్మ మీదిదే.

మరి డైలోఫోసారస్ ఎక్కడ? 1980లు, 90ల్లో దీన్ని సీలోఫైసిస్ పక్కన పెట్టారు. రెండింటికీ పైదవడ ముందు భాగంలో మొసలికి ఉన్నట్టు ఓ నొక్కు ఉండటం అందుకో కారణం. కానీ మిగతా ఒళ్లు చూస్తే డైలోఫోసారస్‌లో పై కొమ్మల లక్షణాలు ఎక్కువ కనిపించాయి. దాంతో క్రమంగా దాని చోటు చెట్టులో పైకి జరిగింది. చెయ్యి చూసినా అది మధ్య మెట్టు జంతువేనని అర్థమవుతుంది. దానికి నాలుగు వేళ్లు. నాలుగోది కుంచించుకుపోయి ఉంది. తర్వాతి టెటాన్యూరే జంతువుల్లో ఎక్కువవాటికి మూడు వేళ్లే మిగిలాయి. టీ రెక్స్‌కైతే రెండే.

2020లో మారిన లెక్క

ఇంత పేరున్న జంతువుపై ఓ ఇబ్బంది చాలాకాలం అలాగే ఉండిపోయింది. 1940ల్లో తీసిన ఎముకల్లో లేని భాగాలను అప్పట్లో ప్లాస్టర్‌తో పూరించారు. ఏది అసలు ఎముక, ఏది ప్లాస్టర్ అనేది పాత రాతల్లో స్పష్టంగా లేదు. పలుచటి తురాయి, బలహీనమైన దవడ అనే వర్ణన అలా పుస్తకాల్లోకి ఎక్కింది. నవలలో, సినిమాలో విషంతో వేటాడే నాజూకు జంతువుగా మారడానికీ ఆ వర్ణన దారి చూపింది.

ఆడమ్ మార్ష్, టిమోతీ రో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని మొదటి నుంచి తిరగదోడారు. దొరికిన అస్థిపంజరాల్లో మెరుగైనవాటిని ఎముక ఎముకా పరిశీలించి, 2020లో జర్నల్ ఆఫ్ పేలియంటాలజీలో పెద్ద అధ్యయనం ప్రచురించారు. అందులో తేలిన విషయాలు చాలామందిని ఆశ్చర్యపరిచాయి.

మొదటిది, దవడ బలహీనమైంది కాదు. గట్టి కండరాలను మోయగలిగే దవడ అది. రెండోది, తురాయిలోకి, పుర్రెలోకి గాలి అరలు వెళ్లాయి. అందుకే బరువు పెరగకుండానే తురాయి అంత ఎత్తు లేచింది. పక్షుల ఎముకల్లోనూ ఇలాంటి గాలి అరలే ఉంటాయి. మూడోది, ఆ కాలంలో ఉత్తర అమెరికా నేలపై తెలిసిన జంతువుల్లో ఇదే అతి పెద్దది.

ఇక అసలు ప్రశ్నకు వస్తే, ఈ అధ్యయనం తురాయి డైనోసార్లన్నీ ఒకే కుటుంబం అనే మాటను బలపరచలేదు. డైలోఫోసారస్, సెరటోసార్లు, టెటాన్యూరేలు విడిపోవడానికి ముందు దశలో ఉన్న జంతువని చెప్పింది. క్రయోలోఫోసారస్ లాంటివి దానికి తోబుట్టువులుగా కాకుండా చెట్టులో వేర్వేరు మెట్లపై కనిపించాయి. పైగా డైలోఫోసారస్‌కు, దాని దగ్గరి చుట్టాలకు మధ్య చాలా పెద్ద ఖాళీ ఉంది. అంటే ఆ మధ్యలో బతికిన జంతువుల శిలాజాలు ఇంకా మన చేతికి రాలేదన్నమాట.

2012లో వచ్చిన మరో పెద్ద విశ్లేషణ కూడా క్రయోలోఫోసారస్, సైనోసారస్‌లను డైలోఫోసారస్ నుంచి వేరు చేసి, టెటాన్యూరే కొమ్మ మొదట్లో పెట్టింది. ఒకే జంతువులు, మూడు లెక్కలు! శాస్త్రం గందరగోళంలో పడిందని దీనికి అర్థం కాదు. కొత్త ఎముక, కొత్త కొలత వచ్చినప్పుడల్లా చెట్టును మళ్లీ గీస్తారు. దొరికిన ఎముకలు తక్కువైనప్పుడు కొమ్మలు ఎక్కువగా ఊగుతాయి.

మళ్లీ మళ్లీ పుట్టిన తురాయి

తురాయిని నమ్మి చుట్టరికం కలపకూడదనడానికి గట్టి ఆధారం డైలోఫోసారస్ దొరికిన రాళ్లలోనే ఉంది. ఆరిజోనాలోని అదే కయెంటా రాతి పొరల నుంచి ఓ చిన్న మాంసాహారి బయటపడింది. 1989లో టిమోతీ రోనే దానికి సింటార్సస్ కయెంటాకాటే అని పేరు పెట్టారు. దాని తలపైనా రెండు చిన్న తురాయిలు ఉన్నాయి. కానీ మిగతా ఒళ్లంతా సీలోఫైసిస్ కుటుంబానిది. అంటే ఒకే ప్రాంతంలో రెండు వేర్వేరు వంశాల జంతువులు తలపై జంట తురాయిలతో తిరిగాయి.

అక్కడితో అయిపోలేదు. చైనాలోని షిన్‌జియాంగ్‌లో మోనోలోఫోసారస్ దొరికింది. దానికి ముక్కుపై ఒకే పెద్ద తురాయి. అది టెటాన్యూరే కొమ్మ జంతువు. అదే ప్రాంతంలో దొరికిన గ్వాన్‌లాంగ్‌కూ ఒంటి తురాయే. 2006లో పేరు పెట్టిన ఈ మూడు మీటర్ల జంతువు ఎవరి చుట్టమో తెలుసా? టైరనోసారస్ రెక్స్‌కు! సుమారు 16 కోట్ల ఏళ్ల కిందటి ఈ తురాయికీ డైలోఫోసారస్ తురాయికీ వంశపరంగా సంబంధం లేదు.

మన దేశంలోనూ ఓ ఉదాహరణ ఉంది. గుజరాత్‌లోని రహియోలీ దగ్గర దొరికిన ఎముకలకు 2003లో రాజాసారస్ అని పేరు పెట్టారు. దాని నుదుటిపై పొట్టి కొమ్ములాంటి గుండ్రటి ఎముక ఉంది. అది సెరటోసార్ల కొమ్మ. డైలోఫోసారస్ కాలానికి పది కోట్ల ఏళ్లకు పైగా తర్వాత బతికిన జంతువు అది.

తలపై ఏదో ఒక అలంకారం పెంచుకోవడం థెరోపాడ్లలో పదే పదే జరిగిందని దీన్నిబట్టి అర్థమవుతోంది. 2016లో టెర్రీ గేట్స్ బృందం నేచర్ కమ్యూనికేషన్స్‌లో ప్రచురించిన అధ్యయనం ఇంకో ఆసక్తికరమైన విషయం చెప్పింది. తలపై ఎముక అలంకారం ఉన్న వంశాలు, లేని వంశాల కంటే వేగంగా భారీ శరీరాల వైపు వెళ్లాయట.

కుటుంబమా కాదా అనేది ఎందుకంత ముఖ్యం?

ఎప్పుడో అంతరించిన జంతువులు చుట్టాలైతే ఏంటి, కాకపోతే ఏంటి అనిపించొచ్చు. కానీ ఈ జవాబును బట్టి ఆనాటి భూమి చరిత్రే మారిపోతుంది.

జురాసిక్ తొలినాళ్లలో ఖండాలు ఇప్పటిలా దూరంగా లేవు. పాంజియా అనే మహాఖండం అప్పుడప్పుడే విడిపోవడం మొదలుపెట్టింది. మన భారత భూభాగం దక్షిణాన ఆఫ్రికా, అంటార్కిటికాలను ఆనుకునే ఉంది. ఆ యుగం తాలూకు ఆనవాళ్లు తెలంగాణలోనూ ఉన్నాయి. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే శాకాహార డైనోసార్ జురాసిక్ కాలానిదే. దాని అస్థిపంజరం హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది.

ఇప్పుడు ఆరిజోనా, చైనా, దక్షిణాఫ్రికా, అంటార్కిటికా జంతువులన్నీ ఒకే కుటుంబమైతే, ఒకే వేటగాళ్ల వంశం మహాఖండం ఒక కొస నుంచి ఇంకో కొస దాకా పాకిందని అర్థం. అంటే దారులన్నీ తెరిచే ఉన్నాయని. ఒకే కుటుంబం కాకపోతే కథ వేరు. ఒక్కో ప్రాంతంలో ఒక్కో వంశం విడిగా పెద్ద వేటగాడి స్థానానికి ఎదిగిందని, తురాయిని కూడా విడిగానే పెంచుకుందని అర్థం. ట్రయాసిక్ చివర్లో జరిగిన మహా వినాశనం తర్వాత మాంసాహార డైనోసార్లు అంత త్వరగా ఎలా పెద్దవయ్యాయి అనే ప్రశ్నకు జవాబు కూడా దీంతోనే ముడిపడి ఉంది.

ఇప్పటికి తేలింది ఏంటి?

* డైలోఫోసారస్ నిజమైన, బలమైన పెద్ద వేట జంతువు. మెడ తోలు, విషం సినిమా కల్పనలే.
* దాని స్థానం సీలోఫైసిస్ లాంటి తొలి థెరోపాడ్లకు, తర్వాతి పెద్ద కొమ్మలకు మధ్యలో ఉంది. నేటి పక్షులు ఆ పై కొమ్మల్లో ఒకదాని వారసులు.
* జంట తురాయి ఉన్నంత మాత్రాన ఒకే కుటుంబం అనలేం. థెరోపాడ్లలో తల అలంకారాలు ఒకటికి మించిన వంశాల్లో విడివిడిగా పుట్టాయి.
* డైలోఫోసారిడే అనే పేరు వాడుకలో ఉంది. కానీ అందులో ఎవరెవరు ఉన్నారనే దానిపై ఏకాభిప్రాయం లేదు.

కాబట్టి ఈసారి ఏదైనా డైనోసార్ వీడియోలో క్రయోలోఫోసారస్‌ను డైలోఫోసారస్ తమ్ముడని చూపిస్తే, వెంటనే నమ్మేయకండి. మధ్యలో ఉన్న ఆ పెద్ద ఖాళీ నుంచి ఇంకో పుర్రె బయటపడే దాకా, ఆ చుట్టరికం పరిశీలనలోనే ఉంటుంది.